రేకు మీద ఉంగరం చప్పుడు

జీపు వెనక రేకు మీద ఎవరైనా చరిస్తే నేను అద్దంలోకి చూడను. బండి పక్కకి తీసి ఆపుతాను, అంతే. ఈ అలవాటు నాకు మా తెల్లమ్మ దగ్గర పట్టుకుంది. ఆవిడ పోయిందని ఆవిడ మేనకోడలు మా సంఘం ఫోనుకి ఒక్క వాక్యం పంపింది. అది చదవగానే నాకు ఆవిడ మొహం కంటే ముందు ఆ చప్పుడే గుర్తొచ్చింది. వెండి ఉంగరం రేకుకి తగిలిన చప్పుడు.

నేను అరకులో కాఫీ రైతుల సంఘంలో లెక్కలు చూస్తాను. కింద మైదానం మనిషిని. దెయ్యాలూ గాలులూ అని ఎవరైనా మొదలెడితే నాకు చిరాకు ముందొస్తుంది, భయం తర్వాత సంగతి. ఆవిడ మంచు కురిసే ఏదో దేశం నుంచి మా సంఘానికి వచ్చింది. కాఫీ పళ్ళు ఎలా కోయాలో, ఎలా ఆరబెట్టాలో నేర్పడానికి. అసలు పేరు ఎవరి నోటా సరిగ్గా తిరగలేదు. ఊళ్ళవాళ్ళు మొదట దొరసాని అన్నారు. అలా పిలిస్తే పలకనని భీష్మించుకుంది. చివరికి పళ్ళు కోసే ఆడవాళ్ళే తెల్లమ్మని చేసి పెట్టారు. దానికి మాత్రం ఎంత దూరాన ఉన్నా "ఓయ్" అని పలికేది.

మొదటి ఏడాది మా సంఘం జీపుకి డ్రైవరు ఉండేవాడు. ముందు సీటు ఖాళీగా ఉన్నా ఆవిడ వెనకే, ఆడవాళ్ళ మధ్య, గంపల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. తెలుగు అక్కడే నేర్చుకుంది. అందుకే ఆవిడ తెలుగులో పుస్తకం వాసన లేదు, జీపు వాసనే. మా కార్యదర్శి గారు మీటింగులో గంభీరంగా మాట్లాడుతుంటే మధ్యలో "ఏటి సెప్తన్నావు బాబూ, బేగి సెప్పు" అనేది. ఆయన మొహం చూడాలి. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉండి నన్ను "అప్పా" అని, అంటే అక్కా అని, పిలిచేది. జీపులో అందరూ అందర్నీ అలా పిలుస్తుంటే అదే మర్యాద అనుకుంది. "నేను చిన్నదాన్ని మేడమ్, మీరే నాకు అప్ప" అని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపేది, మళ్ళీ అప్పా అనే పిలిచేది. నేనూ మేడమ్ అనడం మానలేదు.

మా కొండల్లో జీపుకో మర్యాద ఉంది. ఎక్కేవాళ్ళు అడగరు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి నెమ్మదిస్తుంది కదా, అప్పుడు వెనక పట్టుకుని ఎక్కేస్తారు. దిగాలంటే రేకు మీద ఒక దెబ్బ. దిగాక రెండు దెబ్బలు, ఇక పోవచ్చని. రెండు దెబ్బలు పడేదాకా బండి కదపకూడదు. అందరూ అరచేత్తో చరిస్తే ఆవిడ వేలితో కొట్టేది. సంతలో కొని బొటనవేలికి తొడుక్కున్న లావుపాటి వెండి ఉంగరం తగిలి టంగుమని మోగేది. ముందు కూర్చున్న ఎవరికైనా తెలిసిపోయేది, దిగేది తెల్లమ్మ అని.

ఇంతలో డ్రైవరు అడ్డతీగలలో అత్తారింటి దగ్గర పని దొరికిందని వెళ్ళిపోయాడు. ఆవిడ తన దేశంలో పుచ్చుకుని వచ్చిన డ్రైవింగ్ పర్మిట్టుకి అప్పటికే గడువు తీరిపోయింది. కార్యదర్శి గారు ఆవిణ్ణి పిలిచి మెత్తగానే చెప్పారు. "కోత మొదలయ్యేలోగా ఇక్కడి లైసెన్సు తెచ్చుకోండమ్మా. ఊళ్ళు తిరగలేని మనిషి కావాలని నేను వీసా పొడిగింపుకి ఉత్తరం ఎలా రాసేది?" అంటే లైసెన్సు రాకపోతే ఉత్తరం లేదు, ఉత్తరం లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే ఆవిడ కట్టుబట్టలతో విమానం ఎక్కాలి. ఆవిడ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని చాలాసేపు కొండలకేసి చూసింది. "నాకు ఆడ ఎవులూ నేరు అప్పా. ఈడే ఉంటాను" అంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు, లేచి దుకాణానికి వెళ్ళి గోళ్ళరంగు కొనుక్కొచ్చి, తెల్ల అట్టముక్క మీద ఎర్రగా ఎల్ అక్షరం రాసి జీపుకి అంటించింది.

పరదేశీకి ఇక్కడి లైసెన్సు అంటే ఆషామాషీ కాదని నాకు ఆవిడ వెంట తిరిగాకే తెలిసింది. పాస్‌పోర్టు, వీసా, విశాఖలో పోలీసుల దగ్గర నమోదు చేయించుకున్న కాగితం, ఇంటి చిరునామాకి రుజువు, కళ్ళు బాగున్నాయని డాక్టరు మాట. అన్నీ ప్లాస్టిక్ సంచిలో వేసుకుని కౌంటర్ దగ్గర నిలబడితే, లోపలున్న అమ్మాయి తల ఎత్తకుండా "ఆధార్ నంబర్ చెప్పండి" అంది. తల ఎత్తి ఆవిణ్ణి చూసి, "అయ్యో" అని పక్క బల్ల ఆయన్ని పిలిచింది. ఆయన ఇంకొకాయన్ని పిలిచాడు. ముగ్గురూ కంప్యూటర్ ముందు తలలు చేర్చి, పాస్‌పోర్టుతో నడిచే దారి వెతికి పట్టుకున్నారు. తర్వాత తండ్రి పేరు అడిగారు.

"మా నాన్న సచ్చిపోయి శానా కాలం అయ్యింది" అంది తెల్లమ్మ.

"పోయినా పేరు కావాలండి. లేకపోతే ముందుకి వెళ్ళదు."

ఆవిడ నా వైపు తిరిగి, "సూసినావా అప్పా, ఈ దేశంలో పోయినోళ్ళు కూడా పనికొస్తారు" అంది సంబరంగా. నవ్వాను. ఆ మాట అక్కడితో మరిచిపోయాను కూడా.

నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. మా సంఘంలో ఖాళీగా దొరికిన లైసెన్సు నాదే. రోజూ పని అయ్యాక, చీకటి పడకముందు బయల్దేరేవాళ్ళం. ఆవిడ ప్రతిసారీ ఎడమ తలుపు తీసి, స్టీరింగు కనబడక ఒక క్షణం తెల్లబోయి, నవ్వుకుంటూ చుట్టూ తిరిగొచ్చేది. వాళ్ళ దేశంలో అంతా అటుదిటు. చివరిదాకా ఆ అలవాటు పోలేదు. హ్యాండ్ బ్రేకు వేసిన ప్రతిసారీ దాన్ని మెల్లగా తట్టి "ఉండు" అనేది, పెంపుడు కుక్కకి చెప్పినట్టు.

ఊరికి పైన, ఘాట్ వైపు పోయే దారిలో, ఎత్తు మీద, జీలుగు చెట్టు దగ్గర ఒక మలుపుంది. అక్కణ్ణించి కాలిబాట ఒకటి కిందికి దిగి ఒక గూడేనికి పోతుంది. ఒక సంత రోజు సాయంత్రం ఆ మలుపు ఎక్కుతుంటే వెనక రేకు మీద దెబ్బ పడింది. ఆవిడ ఎడమకి తీసి ఆపింది.

"ఎందుకాపారు?" అన్నాను.

"దిగుతన్నారు."

వెనక్కి తిరిగి చూశాను. ఎదురెదురు బల్లలు, ఒక ఖాళీ గోనెసంచి. ఎవరూ లేరు. మేం ఎవర్నీ ఎక్కించుకోలేదు. అంతలో బండి వెనకవైపు కాస్త తేలింది, బరువు దిగినప్పుడు తేలినట్టు. రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి "దిగినావా? జాగర్త ఎల్లు" అని, గేరు వేసి పోనిచ్చింది.

టార్పాలిన్ తాడు ఊగి కొట్టుకుంటోందని నేనే తేల్చేశాను. మర్నాడు ఆ తాడు బిగించి కట్టాను. మళ్ళీ సంత రోజున, అదే మలుపులో, అదే దెబ్బ. ఈసారి వెనక బల్ల కిందికి వంగి మరీ వెతికాను. చెడామడా తిట్టాను కూడా, ఎవర్నో తెలీకుండానే. ఆవిడ మాత్రం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, రెండు దెబ్బలు పడేదాకా ఓపిగ్గా కూర్చుంది. "ఎక్కినోళ్ళు దిగాలి కదా" అంది. ఎవరు ఎక్కారని అడిగితే భుజాలు ఎగరేసింది.

సంగతి బుద్రి చెప్పింది. బుద్రి ఆ గూడెం మనిషే, మా కళ్ళంలో కాఫీ గింజలు ఏరుతుంది. నేను సగం చెప్పేసరికే, చేటలోంచి తల కూడా ఎత్తకుండా అందుకుంది.

"ఆ మలుపు కాడ దిగేది మా అత్తే కదా. సంత సేసుకొని ఎల్తాది."

"మీ అత్త పోయింది కదే?"

"పోనాది. విశాఖ పెద్దాసుపత్రిలో పోనాది. ఆనల్లో దారి తెగిపోతే తేనేకపోనాం, ఆడే కాల్చేసినారు. మరి మేం తేకపోతే ఆమే రావాలి కదమ్మా. జీపుల మీద వొస్తాది. పాత డ్రైవరుకీ తెలుసు. ఏటి భయం? సొంతూరికి ఎల్తాది, నిన్నేటి సేత్తాది?"

నా వీపు మీద చల్లగా పాకింది. పగలే, ఎండలోనే. పక్కనే కూర్చున్న తెల్లమ్మ మాత్రం గింజలు ఏరడం ఆపి, పని నేర్చుకునే మనిషిలా ముందుకి వంగింది.

"దూర దేశంలో పోయినోళ్ళు కూడా వొస్తారా బుద్రీ?"

"ఎవుల ఊరికి ఆల్లు వొస్తారు."

"ఆల్లకి వీసా అక్కర్నేదా?"

వీసా అంటే ఏమిటో నేను చెప్పాల్సి వచ్చింది. బుద్రి చేట కింద పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. "ఆల్లకి జీపుంటే సాలు" అంది.

అధికారులు లైసెన్సు పరీక్షలకి మా ఊరు వచ్చేది ఎప్పుడో ఒకసారి. ఈ దఫా పోతే మళ్ళీ వచ్చేసరికి ఆవిడ వీసా అయిపోతుంది. తీరా చూస్తే వాళ్ళు వచ్చేది సంత రోజున పడింది. పైగా ఊరి గ్రౌండులో ఎనిమిది అంకెలా బండి తిప్పించాక, ఎత్తు మీద బండి నడపడం చూడ్డానికి జీలుగు చెట్టు మలుపు దాకా తీసుకెళ్తారట. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆవిడ చేయి పట్టుకుని చెప్పాను.

"ఇవాళ ఎవరు కొట్టినా ఆపొద్దు. కారణం లేకుండా మలుపులో ఆపితే ఫెయిల్ చేస్తారు."

"ముసలామె దూకాలా మరి?"

"దూకనీండి. ఇప్పుడు కొత్తగా ఆవిడ కాళ్ళు విరుగుతాయా?"

ఆవిడ నవ్వలేదు. ఎడమ తలుపు తీసి, మూసి, చుట్టూ తిరిగి వెళ్ళి కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు గారు మాట తక్కువ మనిషి. ముందు సీట్లో ఆయన కూర్చుని, నన్ను వెనక్కి పొమ్మన్నారు. గ్రౌండులో ఎనిమిది చక్కగా తిప్పింది. రివర్సు కూడా బాగానే చేసింది. బండి ఎత్తు ఎక్కుతోంది. వెనక బల్ల మీద నేనొక్కదాన్నే. రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకున్నాను, పొరపాటున నా చేయే రేకుకి తగులుతుందేమోనని. జీలుగు చెట్టు కనబడింది. కొట్టకు తల్లీ, ఈ ఒక్కరోజూ కొట్టకు అని మనసులో దణ్ణం పెట్టాను. నమ్మని మనిషినే పెట్టాను.

నా చెవి పక్కన, జానెడు దూరంలో, రేకు మీద అరచేతి దెబ్బ పడింది.

ఆవిడ ఇండికేటర్ వేసింది. ఎడమకి తీసింది. ఆపింది. హ్యాండ్ బ్రేకు లాగి మెల్లగా తట్టింది.

"ఎందుకాపారు?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"ఆపాలి సార్."

"మలుపమ్మా ఇది. పోనివ్వండి."

"ఇంకా దిగనేదు సార్."

నా ఎదురుగా ఉన్న బల్ల మీద రెక్సిన్ లోతుగా నొక్కుకుపోయి ఉంది. ఎవరో కూర్చుంటే నొక్కుకున్నట్టు. జీపులో ఎండుచేపల వాసన నిండిపోయింది. నేను చూస్తుండగానే ఆ గుంట మెల్లమెల్లగా, ముసలి మనిషి లేచినంత నిదానంగా, పైకి లేచింది. గంప రాసుకున్న చప్పుడు నా మోకాళ్ళ ముందునించి పోయింది. బండి వెనక తేలింది. చాలాసేపు ఏమీ లేదు. ఇన్‌స్పెక్టరు గారు గడియారం చూసుకున్నారు. తర్వాత రెండు దెబ్బలు.

"దిగినావా అవ్వా? జాగర్త ఎల్లు" అంది తెల్లమ్మ. బ్రేకు వదిలి, ఒక్క అంగుళం వెనక్కి జారకుండా ఎత్తు ఎక్కించింది.

బండి గ్రౌండుకి తిరిగొచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు దిగి, నేరుగా నా మీదికొచ్చారు.

"ఎల్ బోర్డు బండిలో పాసింజర్లని ఎక్కించకూడదని మీకు తెలీదా? లైసెన్సు ఉన్న మనిషి మీరు."

"ఏ పాసింజరు సార్?"

"గంప నెత్తిన పెట్టుకుని దిగింది కదండీ ముసలామె. అద్దంలో చూశాను. మీ ఎదురుగానే కదా కూర్చుంది."

నేను తిరిగి ఆ ఖాళీ బల్లకేసి చూశాను. తెల్లమ్మే చెప్పింది, "మా బుద్రి అత్త సార్" అని.

"అత్తయినా ఎవరైనా సరే, రూలు రూలే. ఇంకోసారి ఇలా చేయకండి." ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. "కానీ ఆ ముసలామె దిగి సరిగ్గా నిలబడేదాకా నేను పొమ్మన్నా మీరు కదల్లేదు. ఈ కొండల్లో బండి తోలేవాళ్ళకి కావలసింది అదే."

పాస్ చేశారు. ఆయనకి మేం ఏమీ చెప్పలేదు. చెప్పి ఏం లాభం, మళ్ళీ ఆ దారినే కదా ఆయన ఇంటికి పోవాలి.

కార్డు చేతికొచ్చిన రోజు ఆవిడ ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కని ఊరంతా తిప్పి చూపించింది. సంతలో పసుపు అమ్మే ఆవిడకి, టీ కొట్టు దగ్గర కుక్కకి కూడా. ఉత్తరం వచ్చింది, వీసా పొడిగింది. ఆ తర్వాత ప్రతి సంత రోజూ జీలుగు చెట్టు దగ్గర ఆవిడ బండి ఆగేది. ఆవిడ పక్కన కూర్చుని కూర్చుని నాకూ భయం తగ్గింది. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను.

తర్వాత ఆవిడకి కడుపులో నొప్పి మొదలైంది. వైద్యానికి వాళ్ళ దేశం పోక తప్పలేదు. కాఫీ కళ్ళం పక్కన ఆవిడ ఉండే గది తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఊడ్సి ఉంచు అప్పా, వొచ్చేస్తాను" అంది. అక్కణ్ణించి కొత్త వీసాకి పెట్టుకుంది. ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చిందా మేడమ్?" అనేదాన్ని. "సూత్తన్నారట" అనేది. గొంతు సన్నబడుతూ వచ్చింది. ఆ వీసా రానేలేదు. ఆవిడ పోయాక వాళ్ళ పద్ధతిలో వాళ్ళు అక్కడే అంతా చేసేశారు. నాకు ఎవరి మీద కోపమో తెలీదు గానీ, కోపంగా ఉంది. ఉండాలనుకున్న చోట ఉండనివ్వడానికి మనిషికి ఇన్ని కాగితాలా?

మొన్న సంత రోజున గింజల బస్తాలు మైదానంలో దింపి, ఖాళీ జీపుతో ఒక్కదాన్నే ఘాట్ ఎక్కుతున్నాను. మధ్యాహ్నం ఎండ, ఆకు కదలడం లేదు. ఘాట్ మొదట్లో చెక్‌పోస్టు గేటు దగ్గర రెండో గేరుకి దింపాను. బండి వెనకవైపు కాస్త కుంగింది.

అవ్వ ఎప్పుడూ ఎక్కే చోటు కాదది. ఎండుచేపల వాసన రాలేదు. అద్దంలోకి చూడలేదు. కొండదారంతా గోతులు తప్పించుకుంటూ, కుదుపు లేకుండా, చంటిపిల్లని తెస్తున్నట్టు తెచ్చాను. జీలుగు చెట్టు వచ్చింది. అక్కడ దెబ్బ పడలేదు. వెనక బరువు అలాగే ఉంది. సంత దాటాను, టీ కొట్టు దాటాను. కాఫీ కళ్ళం గేటు, దాని పక్కన తాళం వేసిన గది.

టంగ్.

ఇండికేటర్ వేశాను. ఎడమకి తీశాను. హ్యాండ్ బ్రేకు లాగి, నాకు తెలీకుండానే దాన్ని మెల్లగా తట్టాను. రోడ్డు మీదే చూపు పెట్టి కూర్చున్నాను. వెనక తేలింది. ఎదురుచూశాను. తొందరేం లేదు, దూరం నుంచి వచ్చిన మనిషి, సరిగ్గా నిలబడనీ అనుకున్నాను.

టంగ్, టంగ్.

పోవచ్చు. గేరు మీద చేయి వేశాను గానీ పడడం లేదు, కళ్ళకి దారి కనబడ్డం లేదు. ఇన్నేళ్ళూ మేడమ్, మేడమ్ అని పిలిచిన దాన్ని, కిటికీలోంచి తల బయట పెట్టి గట్టిగా అన్నాను.

"దిగినావా అప్పా? గది ఊడ్సి ఉంచినాను. జాగర్త ఎల్లు."